మా వీధిలోనే ఉంది మంచి కర్ర

మీ ఇంట్లో భోజనాల బల్ల కిందికి ఎప్పుడైనా వంగి చూశారా? చూడకపోతే ఇప్పుడే ఒకసారి వెళ్ళి చూసి రండి. పొయ్యి మీద కూర ఉంటే మంట తగ్గించి మరీ వెళ్ళండి. నేనెక్కడికీ పోను.

నేను అలా చూడలేదు, అందుకే మోసపోయాను. 2019 దసరాకి ఆరు కుర్చీలతో భోజనాల బల్ల కొన్నాం. షాపు పేరు చెప్పను గానీ పెద్ద షోరూమే, లోపల చల్లగా ఏసీ, అడక్కుండానే మంచినీళ్ళు. "ప్యూర్ టేక్ మేడమ్" అన్నాడు అక్కడి కుర్రాడు. బిల్లు మీద మాత్రం ఒట్టి "వుడెన్ డైనింగ్ సెట్" అని ఉంది. ఆ ముక్క మేం చదివింది ఎప్పుడనుకున్నారు? రెండేళ్ళ తర్వాత! రోజూ పొద్దున్నే బల్ల కాళ్ళ దగ్గర బియ్యప్పిండిలా తెల్లగా ఏదో కనిపించేది. ముగ్గు డబ్బా ఒలికిందేమో అనుకున్నా. సరిగ్గా ఊడవడం లేదని పనమ్మాయి మీద రెండు రోజులు సణిగాను, పాపం. మూడోరోజు నేనే తుడిచాను. గంట గడిచేసరికి మళ్ళీ పిండి! వంగి చూస్తే కాలికి లోపలివైపు సూదితో పొడిచినట్టు బెజ్జాలు.

మా వీధి చివర పని చేసుకునే వడ్రంగిని పిలిపించాం. జన్నారం దిక్కు మనిషి, అరవై దాటాయి. ఆయన బల్లను తిరగేసి, కాలి అడుగున పాలిష్ పడని చోట ఉలితో చిన్న పెచ్చు లేపాడు.

"ఇది టేకే అమ్మా, కాదంటలేను. గని చేవ లేదు. అంతా తెల్లకట్టెనే. పైన రంగు గొట్టి అమ్మిండ్రు. పురుగుకు గిదే తీపి" అన్నాడు.

చేవ సంగతి మనకెందుకు తెలియదూ, మనిషికి చేవ ఉండాలని రోజూ అంటూనే ఉంటాం. చాలా చెట్ల మానుల్లో మధ్యలో ముదురు రంగులో గట్టిగా ఉండేది చేవ, చుట్టూ పాలిపోయి మెత్తగా ఉండేది తెల్లకర్ర. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు పైకి పోయేది ఆ తెల్లకర్రలోంచే. అందులో గంజి లాంటి పిండిపదార్థం ఉంటుంది కాబట్టి పురుగు దాన్నే వెతుక్కుంటూ వస్తుంది. టేకుకి చెద పట్టదని పెద్దవాళ్ళు అన్నది చేవ గురించి. చెట్టు చిన్నదైతే చేవ తక్కువ, తెల్లకర్ర ఎక్కువ. పదిహేను, ఇరవై ఏళ్ళకే కొట్టేసిన తోట టేకుని కూడా షాపులో టేకనే అంటారు, అది అబద్ధమూ కాదు. ఇదీ చిక్కు.

ఆ వడ్రంగి వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు. "ఏం కట్టె అని అడిగితే అయిపోదమ్మా. ఏడ పెరిగింది, ఎన్నేండ్లు పెరిగింది, గది అడగాలె." ఈ మాట నాకు మరుసటి ఏడాది బాగా పనికొచ్చింది. ఎందుకంటే 2022లో మా ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశాం.

మాది హిమాయత్‌నగర్ మెయిన్‌రోడ్డుకి లోపలి వీధి. మా మామగారు 1968లో కట్టించిన ఇల్లు. ముందు వరండా, వరండాకి పెంకుల కప్పు, పెరట్లో వేపచెట్టు. నేను 2001లో కోడలిగా వచ్చినప్పుడు మా వీధిలో అలాంటి ఇళ్ళు వరసగా ఉండేవి. ఇప్పుడు మెయిన్‌రోడ్డు మీద లిబర్టీ నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా నడిస్తే, పక్క వీధుల్లో ఏదో ఒక చోట ఆకుపచ్చ గుడ్డ కట్టి ఇల్లు కూలుస్తూనే ఉంటారు. మా వంతు వచ్చింది, అంతే. కొత్త ఫ్లాట్లోకి మంచాలు, బల్లలు, అల్మారాలు అన్నీ కావాలి. ఈసారి మాత్రం మోసపోకూడదని మా వారినీ వడ్రంగినీ వెంటేసుకుని కర్ర వేటకి బయల్దేరాను.

నారాయణగూడ వై.ఎం.సి.ఏ. దగ్గర ఎడమకి తిరిగితే మెట్రో స్తంభాల నీడలోనే చిక్కడపల్లి దాకా పోవచ్చు. ఆ దారి మెట్రో 2020 ఫిబ్రవరిలో మొదలైంది. చిక్కడపల్లి మార్కెట్లో ఆగి కూరలు కొనకుండా ముందుకి పోవడం మన వల్ల అయ్యే పనేనా? గోంగూర, రెండు సొరకాయలు సంచీలో వేసుకునే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి ముషీరాబాద్ వైపు టింబర్ డిపోలకి వెళ్ళాం. సొరకాయల సంచీతో కలప బేరానికి వచ్చిన ఆడదాన్ని వాళ్ళు అంతకుముందు చూసి ఉండరు.

అక్కడికి వెళ్ళాక తెలిసింది, టేకులో ఎన్ని టేకులో! నాగ్‌పూర్ టేకు, బల్లార్షా టేకు, ఘనా టేకు, బర్మా టేకు. వీటిలో నాగ్‌పూర్, బల్లార్షా మహారాష్ట్రవి. 2023లో ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనానికి వాడింది నాగ్‌పూర్ టేకే. 2024 జనవరిలో తెరిచిన అయోధ్య రామాలయం తలుపులు బల్లార్షా టేకుతో చేశారు, చేసింది మన బోయిన్‌పల్లి టింబర్ వాళ్ళే, తెలుసా! ఘనా, టాంజానియా, ఈక్వడార్ లాంటి దేశాల నుంచి వచ్చేది చాలావరకు తోటల్లో పెంచిన టేకు. అడవిని నరకలేదు, అది మంచిదే. కానీ చాలాచోట్ల చిన్న వయసులోనే కొడతారు కాబట్టి చేవ చూసి మరీ తీసుకోవాలి.

బర్మా టేకు అని ఎవరైనా ఊరిస్తే కాస్త నిదానించండి. ఆ దేశం 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. కోసిన చెక్కగా వస్తే రావాలి తప్ప, "నిన్ననే బర్మా దుంగ దిగింది" అంటే నమ్మే మాట కాదు. 2021లో అక్కడ సైన్యం అధికారం పట్టాక ఆ ప్రభుత్వ కలప సంస్థ మీద అమెరికా, ఐరోపా దేశాలు ఆంక్షలు పెట్టాయి. అక్కడి అడవులు ఎలా తరిగిపోయాయో తెలిశాక ఆ పేరు విని మురిసిపోవడం మానేశాను.

ఒక డిపోలో బేరం కుదరక లేస్తుంటే, "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అన్నారు. మా వారికి ఆశ పుట్టింది, ఆయన మొహం చూస్తేనే నాకు తెలుస్తుంది. మా వడ్రంగి మాత్రం నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. బయటికొచ్చాక చెప్పాడు. వాళ్ళ జన్నారం ఇప్పుడు కవ్వాల్ పులుల అభయారణ్యంలో ఉంది, 2012లో ప్రకటించారు. రాత్రిళ్ళు టేకు మాయమయ్యేది ఆ అడవుల్లోంచే. అడవి నుంచి సక్రమంగా వచ్చిన దుంగ మీద అటవీశాఖ సుత్తితో కొట్టిన ముద్ర ఉంటుంది, దారిలో చూపించడానికి రవాణా పర్మిట్ ఉంటుంది. 1970 నుంచీ మనకి ఆ నిబంధనలు ఉన్నాయి. 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు, తిరుముల్‌పాడ్ గారు వేసిన కేసులో, ప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు కొట్టకూడదనీ కేంద్రం అనుమతి లేకుండా అడవుల్లో కోతమిల్లులు నడవకూడదనీ గట్టిగా చెప్పింది. ఆ పర్మిట్లన్నీ మనమేం చదవగలం లెండి. కానీ ఏ కర్ర, ఎక్కడిది, ఎన్ని ఘనపుటడుగులు అని రాసిన పక్కా బిల్లు అడగొచ్చు కదా. చీర కొన్నా బిల్లు అడుగుతాం.

ఘనపుటడుగుల లెక్క కూడా నేర్చుకోండి, దీన్ని వాళ్ళు సి.ఎఫ్.టి. అంటారు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో పెట్టి మూడూ గుణించి 144తో భాగిస్తే చాలు. ఏడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న దిమ్మ 0.875 అవుతుంది. నేను సొరకాయల చీటీ వెనక లెక్క వేస్తుంటే డిపో ఆయన "మేడమ్ టీచరా?" అని అడిగాడు. ఇంటర్‌తో ఆపేశానని చెప్పలేదు, నవ్వి ఊరుకున్నాను.

ఆ రోజు మేం కర్ర కొనలేదు. ఇంటికి వచ్చేసరికి మా అత్తయ్యగారు వరండాలో కూర్చుని ఉన్నారు. విషయమంతా విని, "టేకు కోసం ముషీరాబాద్ దాకా ఎందుకమ్మాయ్, నువ్వు ఆనుకుని నిలబడ్డది ఏమిటి?" అన్నారు. నేను ఆనుకుని నిలబడ్డది వీధి తలుపుని!

నిజంగా అప్పటిదాకా మా ఎవరికీ తట్టలేదు. ఆ ఇంట్లో లోపలా బయటా కలిపి తొమ్మిది తలుపులు, పద్నాలుగు కిటికీలు, అన్నీ టేకే. మామగారు భద్రాచలం అడవి టేకని గొప్పగా చెప్పుకునేవారట. వరండా పెంకుల కింద వాసాలు నల్లమద్ది. ఒక్క ద్వారబంధమే తీసుకోండి, నాలుగంగుళాలు మూడంగుళాల కర్ర, చుట్టుకొలత ఇరవై రెండడుగులు. లెక్క వేస్తే 1.8 ఘనపుటడుగులకి పైమాటే. అవి యాభై నాలుగేళ్ళు ఎండిన కర్రలు. ఇక వంగేదీ లేదు, పగిలేదీ లేదు. వాటి కోసం కొత్తగా చెట్టు కొట్టక్కర్లేదు.

కానీ చూడండి, బిల్డర్ ఇచ్చిన ఒప్పందం కాగితంలో కూల్చిన సామానంతా కూల్చేవాళ్ళకే అని ఒక లైను ఉంది. అందరి ఒప్పందాల్లోనూ దాదాపు ఉంటుందట. తలుపులు, ఇనుము అమ్ముకునే వాళ్ళు కూలీ తగ్గించుకుంటారు. ఇల్లు ఇచ్చే ఆలోచనలో ఉన్న అక్కచెల్లెళ్ళందరికీ గట్టిగా చెబుతున్నాను, సంతకానికి ముందే ఆ లైను చూడండి. మేం తలుపులు, కిటికీలు, వాసాలు మావే అని రాయించుకున్నాం. దానికి బిల్డర్‌తో మా వారు నాలుగు రోజులు మాట్లాడాల్సి వచ్చింది, కూల్చే కూలీలో కొంత మేం భరించాం.

పాత కర్ర అంటే ఊరికే వచ్చేస్తుందనుకోకండి. కోతమిల్లుకి తీసుకెళ్తే మొదట ముట్టుకోలేదు. లోపల మేకు ఒక్కటున్నా రంపం పళ్ళు పోతాయి. వడ్రంగీ ఆయన మేనల్లుడూ కలిసి అయస్కాంతం పట్టి వెతికి వెతికి మేకులు పీకడానికే మూడు రోజులు పట్టింది. రెండు డబ్బాల నిండా మేకులు! ద్వారబంధాల కాళ్ళు నేలలో దిగిన చోట చెద తిని ఉంది, అడుగు చొప్పున కోసి పారేయాల్సి వచ్చింది. ఇక రంగు సంగతి జాగ్రత్త. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదన్న నిబంధన మనకి 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంచేత పాత తలుపుల రంగు పొడిగా గీకించకండి. తడి చేసి గీకాలి, ముక్కుకి మాస్కు కట్టుకోవాలి, పిల్లల్ని, గర్భవతుల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకూడదు. గీకిన పెచ్చులు మొక్కల్లో పారబోయకూడదు.

వేపచెట్టు సంగతి చెప్పలేదు కదూ. దాన్ని ఉంచమని ఎంతో అడిగాం. పునాది అక్కడికే వచ్చిందన్నారు. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత పెరట్లో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. అది తెచ్చుకున్నాకే కొట్టించాం. ఆ రోజు అత్తయ్యగారు అన్నం సరిగ్గా తినలేదు. మానుని అంగుళంన్నర చెక్కలుగా కోయించాం. వేపని పచ్చిగా వాడితే మెలితిరిగిపోతుంది. చెక్కకీ చెక్కకీ మధ్య పుల్లలు పెట్టి, చివర్లు పగలకుండా రంగు పూసి, నీడలో గాలి తగిలేలా పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగుల లెక్క.

ఎక్కడ పేర్చాలి? మేం అప్పటికి అశోక్‌నగర్లో అద్దెకి దిగాం. మెట్ల కింద పేర్చుకుంటామంటే ఇంటివాళ్ళు మొదట గొణిగారు, తర్వాత వాళ్ళే వాటి మీద వడియాలు ఎండబెట్టుకున్నారు. అశోక్‌నగర్ అంటే తెలుసుగా, గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లల ఊరది. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర పొద్దుట నుంచీ పుస్తకాలు పట్టుకుని వాళ్ళే. ఆ పిల్లలు గదులు ఖాళీ చేసినప్పుడల్లా వీధిలో చదువుకునే బల్లలు పడేసి పోయేవారు. పొట్టు, జిగురు కలిపి అచ్చొత్తిన పార్టికల్ బోర్డు బల్లలవి. ఒక్క వాన పడితే నానబెట్టిన అటుకుల్లా ఉబ్బి విడిపోతాయి. కర్ర పొట్టు వృథా కాకుండా చేస్తారు, చవక, పిల్లలకి ఇంకేం దొరుకుతుంది, అన్నీ ఒప్పుకుంటాను. కానీ దానికి మేకు ఊడితే మళ్ళీ పట్టదు, మరమ్మతు లేదు. ఏడాదికో బల్ల చెత్తలో పడితే అది చవకెలా అవుతుందో నాకర్థం కాలేదు.

కొత్తగా కొనక తప్పని వాళ్ళకి టేకు ఒక్కటే దారి కాదండీ. రబ్బరు చెట్టు పాలు పాతికా ముప్పయ్యేళ్ళు తీశాక ఎలాగూ కొట్టి కొత్తది నాటుతారు. ఆ కర్రతో చేసే బల్లలు లేతరంగులో, అక్కడక్కడ సన్నని గీతలతో ఉంటాయి. మందు పట్టించినదేనా అని అడిగి కొనండి, నీళ్ళు తగిలేచోట వద్దు. కాపు తగ్గిన మామిడి కూడా అంతే, ఒకప్పుడు పెట్టెలకి వాడేవాళ్ళం, ఇప్పుడు మంచాలే చేస్తున్నారు. మందు పట్టించకపోతే దానికీ పురుగు తప్పదు. పనసని మన బొబ్బిలి వీణల వాళ్ళనడగండి, వీణంతా దాంతోనే కదా. దేవుడి దగ్గర పీటలకి దాన్ని మించింది లేదు. జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, కొత్తది మాత్రం అడగకండి. అడవుల్లో బాగా తరిగిపోయింది, 2017 జనవరి నుంచి ఆ జాతి చెట్లన్నిటికీ దేశాలు దాటాలంటే పర్మిట్ కావాలి. అమ్మమ్మల నాటి జిట్రేగి మంచం ఇంట్లో ఉంటే అమ్మేసుకోకుండా నవారు మార్చి వాడుకోండి. ఎర్రచందనం ఊసే వద్దు.

వంటింటి అల్మారాలకి మేమూ ప్లైవుడ్డే వాడాం. అది ఎక్కువగా రైతులు పొలాల్లో పెంచే నీలగిరి, పోప్లార్, మలబార్ వేప లాంటి త్వరగా పెరిగే చెట్ల నుంచి వస్తుంది, అంచేత అడవికి భారం తక్కువ. సింకు కింద ఐ.ఎస్. 710 అని ముద్ర ఉన్నది, మిగతా చోట్ల ఐ.ఎస్. 303లో నీటికి ఆగే బి.డబ్ల్యు.ఆర్. రకం. ముద్ర పలక మీదే ఉండాలి, మీ ముందే కోయించండి. చెట్టు బొమ్మతో ఎఫ్.ఎస్.సి. అన్న గుర్తు ఉంటే ఆ చెట్టు పెరిగిన చోటు ఎవరో తనిఖీ చేశారని అర్థం. అది 1993లో మొదలైన అంతర్జాతీయ సంస్థ. అయితే గుర్తు బోర్డు మీద ఉంటే చాలదు, బిల్లు మీద కూడా ఉండాలి.

2024 శ్రావణంలో కొత్త ఫ్లాట్లో పాలు పొంగించాం. తలుపుల టేకుతో రెండు మంచాలు, ఒక బెంచీ వచ్చాయి. వేప చెక్కలతో మా అమ్మాయికి చదువుకునే బల్లా, దాని పక్కన బట్టల అరలూ. ఆ అరలు తెరిస్తే ఇప్పటికీ పెరటి వాసన వస్తుందంటుంది అది, నాకు మాత్రం రాదు. అన్నీ కలిపి కొత్త టేకుకి చెప్పిన ధరలో సగానికి కాస్త పైన అయింది. పురుగు పట్టిన ఆ భోజనాల బల్లని పారేయలేదు. పై పలక బాగానే ఉంది, కాళ్ళు నాలుగూ తీసేసి నల్లమద్ది వాసాలతో కొత్త కాళ్ళు పెట్టించాం. ఇప్పుడు దాన్ని జరపాలంటే ఇద్దరు కావాలి.

వడ్రంగికీ అత్తయ్యగారికీ పేచీ వచ్చింది ఒక్క వీధి గడప దగ్గరే. మంచి చేవగల దిమ్మ అది, చెద కూడా ముట్టలేదు. బెంచీకి ముందు పట్టీగా సరిగ్గా సరిపోతుందని ఆయన కొలత కూడా గీశాడు.

"యాభై నాలుగేళ్ళు నేను పసుపు రాసిన గడపయ్యా అది. దాని మీద కూర్చుని ఎవరో కాళ్ళూపుతుంటే నేను చూడలేను" అన్నారావిడ.

కొత్త ఫ్లాటుకి గడప ఏదీ? గుమ్మం కింద ఒక గ్రానైటు పట్టీ అతికించి వదిలేశారు. రెండు రోజులు అందరం ఆలోచించాక ఆ దిమ్మని కోయకుండా దేవుడి మందిరానికి అడుగున పెట్టించాం. పాలిష్ కుర్రాడు మూడు పూతలు వేసి అద్దంలా మెరిపించాడు. శుక్రవారం పొద్దున్నే అత్తయ్యగారు గిన్నెలో పసుపు కలుపుకొచ్చి దాని నిండా రాసేశారు. వాడు లబోదిబోమన్నాడు. మా వడ్రంగి వాడి మీదే కేకలేశాడు, "గడపకు పాలిష్ ఎవడెయ్యమన్నడురా నిన్ను?" అని. ఆ ఒక్క దిమ్మకీ మళ్ళీ మూడు పూతలూ గీకించాం. ఇప్పుడది ఒట్టి కర్రే, ప్రతి శుక్రవారం పసుపే.